నొప్పి తిరిగి వచ్చిన వేలు, రాని వేలు

నా ఎడమ చేతి చిటికెన వేలికి నొప్పి తెలియదు. దాని పక్కనున్న ఉంగరపు వేలికి కూడా కొంతకాలం తెలియలేదు, ఇప్పుడు తెలుస్తోంది. ఈ మధ్యలో నాకు కుష్ఠు వ్యాధి ఉన్నట్టు తేలింది, ఏడాది మందులు వాడాను, ఆ మందుల నడుమనే మోచేతి నరం వాచి మరొక చికిత్స కూడా చేయించుకున్నాను. మా గోదావరి లంకల్లో, కోనసీమ పల్లెల్లో ఎవరైనా ఆసుపత్రి గడప తొక్కేది ఎక్కడో ఒకచోట నొప్పి పుట్టినప్పుడే. నొప్పినే తీసివేసుకుంటూ వచ్చే వ్యాధికి ఈ అలవాటు ఎంత అనుకూలమో అనుభవించి తెలుసుకున్నాను కనుక, జరిగినదంతా వరుసగా రాయడం అవసరమని నమ్ముతున్నాను.

మా ఊరు వశిష్ఠ గోదావరికి ఇవతల, సఖినేటిపల్లి వైపు ఉంది. రేవు దాటితే నర్సాపురం. పందొమ్మిదో శతాబ్దంలో క్రైస్తవ మిషనరీల ద్వారా ఈ ప్రాంతానికి వచ్చిన లేసు అల్లిక ఈనాటికీ ఇక్కడి వేలాది ఆడవాళ్ళకు ఇంటిపట్టున దొరికే పని, నాకూ అదే పని. దారం ఉండ నుంచి వచ్చే పోగును ఎడమ చేతి చిటికెన వేలికి ఒక చుట్టు తిప్పి, చూపుడు వేలి మీదుగా తీసుకొని, కుడి చేతిలోని సూదితో లాగి ముడి వేస్తాం. దారం ఎంత బిగువుగా నడవాలో నిర్ణయించేది చిటికెన వేలే. అల్లిక బాగా వచ్చిన మనిషి ఆ వేలి వంక చూడదు, ఎదుటి వారితో మాట్లాడుతూనే అల్లుతుంది. నేను చిన్నతనం నుంచి అలాగే అల్లాను. ఒక ఏడాది నా అల్లికలో ఒక పువ్వు వదులుగా, దాని పక్క పువ్వు మరీ బిగుతుగా రావడం మొదలయింది. దారం ఇచ్చి అల్లించుకునే వారు ముక్కలను వెనక్కి పంపారు. కళ్ళజోడు మార్చుకున్నాను. ఆ తరువాత ఒక మధ్యాహ్నం తెల్లటి అల్లిక మీద ఎర్రటి చుక్క కనబడింది. ఆ రక్తం ఎక్కడిదా అని వెతికితే చిటికెన వేలి మడతలో దారం ఒరుసుకొని చర్మం తెగి ఉంది. తెగిన సంగతి నాకు చెప్పింది కళ్ళే కానీ వేలు కాదు.

అప్పటికే నా ఎడమ ముంజేతి మీద రూపాయి బిళ్ళంత పాలిపోయిన మచ్చ ఉండేది. దురద లేదు, నొప్పి లేదు. పట్టణంలో చూపించుకున్న డాక్టరు తామర అని పూతమందు రాసిచ్చారు. అది పూసినా మచ్చ అలాగే ఉంది. బాధ పెట్టని మచ్చ గురించి రెండోసారి రేవు దాటి వెళ్ళాలని మా ఇంట్లో ఎవరికీ తోచలేదు.

వ్యాధి బయటపడింది ఇంటింటి సర్వేలో. కుష్ఠు రోగులను వెతికి గుర్తించే ఈ సర్వేలు 2016 నుంచి పెద్ద ఎత్తున జరుగుతున్నాయి. మా ఆశా కార్యకర్త వసారాలో కూర్చొని, ముంజేతి మీద మచ్చను చూసి, "అక్కా, ఒకసారి కళ్ళు మూసుకో, పెన్ను మొన ఎక్కడ తగిలితే అక్కడ వేలు పెట్టి చూపించు" అన్నది. మచ్చకు చుట్టూ తాకించిన ప్రతిసారీ సరిగ్గా చూపించాను. ఆ తరువాత ఆమె చాలాసేపు ఏమీ చేయడం లేదనిపించి, "ఇంకా మొదలుపెట్టలేదా?" అని అడిగాను. ఆమె అప్పటికే మచ్చ మధ్యలో అనేకసార్లు తాకించి చూసింది.

ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో డాక్టరమ్మ నా మోచేయి వెనుక, ఎముక పక్కనే ఉన్న నరాన్ని వేళ్ళతో తడిమి చూశారు. కుడి చేతి నరానికీ ఎడమ చేతి నరానికీ తేడా నాకు కూడా చేతికి తెలిసింది, ఎడమది లావుగా, తాడులా ఉంది. చిటికెన వేలిని పక్కకు చాచమన్నారు, అది కొంచెమే కదిలింది. వేళ్ళ మధ్య కాగితం పెట్టి పట్టుకోమన్నారు, ఆవిడ లాగగానే జారిపోయింది. ఎడమ చీలమండ లోపలి వైపున్న నరం కూడా లావెక్కినట్టు తేలింది, అరికాలిలో స్పర్శ కొంత తగ్గింది. మచ్చలు అయిదుకు మించకపోయినా, ఒకటి కంటే ఎక్కువ నరాలు దెబ్బతింటే ఏడాది కోర్సు వాడాలి కనుక నన్ను ఆ వర్గంలో చేర్చారు.

వ్యాధి పేరు విన్న రాత్రి మా ఇల్లు ఎలా ఉందో ఎక్కువ రాయను. పెద్దరోగం అనే మాట మా అత్తయ్య గారి తరానికి ఊరి వెలుపలి గుడిసె తప్ప మరేదీ కాదు, ఆవిడ నా కంచం వేరు చేశారు. డాక్టరమ్మ స్వయంగా ఇంటికి వచ్చి చెప్పిన విషయాలు రెండు. ఇది వంశపారంపర్యం కాదు, నూటికి తొంభై అయిదు మందికి పైగా మనుషుల శరీరం దీనిని సహజంగానే ఎదుర్కోగలదు. కుష్ఠు మందుల్లో ఒకటైన రిఫాంపిసిన్ మొదటి మోతాదుతోనే వ్యాధికారక క్రిముల్లో అత్యధిక భాగం చనిపోతాయి కనుక మందు మొదలుపెట్టిన మనిషి నుంచి ఇంట్లో వారికి భయం లేదు. ముందు జాగ్రత్తగా ఇంట్లో అందరికీ ఒక్కొక్క మోతాదు రిఫాంపిసిన్ కూడా ఇచ్చారు. కంచాలు మళ్ళీ కలిశాయి. కుష్ఠును విడాకులకు కారణంగా చూపే వీలును 2019లో చట్టం నుంచి తొలగించారని మా వారే ఎక్కడో చదివి నాకు చెప్పారు. అది ఆయన నాకు ఇచ్చిన మాటగానే తీసుకున్నాను.

మందులు నెలకొక అట్ట చొప్పున ఉచితంగా ఇస్తారు, అట్టలో ఇరవై ఎనిమిది రోజుల మందు ఉంటుంది. నెలకోసారి సిబ్బంది ఎదుట వేసుకునే మోతాదులో రిఫాంపిసిన్ 600 మి.గ్రా., క్లోఫాజిమిన్ 300 మి.గ్రా., డాప్సోన్ 100 మి.గ్రా. ఉంటాయి. తక్కిన రోజుల్లో ఇంటివద్ద డాప్సోన్ 100, క్లోఫాజిమిన్ 50 మి.గ్రా. వేసుకోవాలి. నెల మోతాదు వేసుకున్న రోజు మూత్రం ఎర్రగా వస్తుంది, దానికి భయపడనక్కరలేదు. క్లోఫాజిమిన్ వల్ల చర్మం నల్లబడి పొడిబారుతుంది, పెళ్ళిళ్ళకు వెళ్తే అందరూ అడుగుతారు. మందు ఆపిన తరువాత నెలల మీద రంగు తిరిగి వచ్చింది.

ఈ మందులు క్రిమిని చంపుతాయి, చచ్చిన నరాన్ని బతికించవు. ఈ భేదం నాకు ఆలస్యంగా అర్థమయింది. నార్వే వైద్యుడు హాన్సెన్ 1873లో గుర్తించిన ఈ క్రిమి శరీరంలో చల్లగా ఉండే చోట్లను వెతుక్కుంటుంది, చర్మంలోనూ, చర్మానికి దగ్గరగా నడిచే నరాల్లోనూ, నరపు పోగులను కప్పి ఉంచే కణాల లోపల స్థిరపడుతుంది. రెట్టింపు కావడానికి దానికి రమారమి రెండు వారాలు పడుతుంది, అందుకే లక్షణాలు బయటపడడానికి సగటున అయిదేళ్ళు, ఒక్కోసారి ఇరవై ఏళ్ళు పట్టవచ్చు. మొదట పోయేది సన్నని పోగులు మోసే వేడి, చలి, నొప్పి. ఆ తరువాతే మామూలు స్పర్శ పోతుంది. మోచేతి నరం చర్మానికి అంత దగ్గరగా ఉండడం వల్లనే నా చిటికెన వేలు ముందుగా దెబ్బతిన్నది.

నొప్పి ఎలా పుడుతుందో చదవాలన్న పట్టుదల గంజి వారుస్తుండగా జరిగిన సంఘటన తరువాత కలిగింది. మసిగుడ్డతో అన్నపు గిన్నెను పట్టుకొని వంచుతున్నప్పుడు ఎడమ అరచేతి అంచు గిన్నెకు ఆనుకొని ఉన్నదని నాకు తెలియలేదు. సాయంత్రం కొబ్బరినూనె రాసుకుంటుంటే చిటికెన వేలి కింద పెద్ద పొక్కు కనబడింది. ఆరోగ్యవంతమైన చేయి అయితే ఏమి జరిగేది? వేడి తగిలిన వార్త వెన్నుపాముకు చేరగానే అక్కడి నుంచే కండరాలకు ఆజ్ఞ వెళ్ళి చేయి వెనక్కి వచ్చేస్తుంది, కాలిందని మెదడు తెలుసుకొనేసరికి చేయి ఇవతల ఉంటుంది. నొప్పిని మోసే పోగులు రెండు రకాలు. ఒక రకం సెకనుకు సుమారు ముప్పై మీటర్ల వరకూ వేగంతో వార్తను చేరవేస్తుంది, చురుక్కుమనేది దానివల్ల. రెండో రకం సెకనుకు ఒక మీటరుకు అటూ ఇటుగా నడుస్తుంది, కాసేపటికి మొదలై చాలాసేపు వదలని మంట దానిది. మొదటిది చేతిని తప్పిస్తుంది, రెండోది ఆ చేతిని కొన్ని రోజుల పాటు పనికి పెట్టకుండా కాపలా కాస్తుంది. ఈ రెండో కాపలా విలువ నాకు పొక్కు మానే రోజుల్లో తెలిసింది. పొక్కు పగిలినా నొప్పి లేకపోవడంతో అదే చేత్తో గిన్నెలు తోమాను, అదే వేలికి దారం చుట్టాను, పది రోజుల్లో మానవలసిన పుండు నెలల తరబడి లాగింది.

వేడిని పసిగట్టే గ్రాహకాన్ని, అంటే నరపు కొసల్లో ఆ పని చేసే ప్రొటీనును, అమెరికా శాస్త్రవేత్త డేవిడ్ జూలియస్ బృందం 1997లో గుర్తించింది. స్పర్శ గ్రాహకాలను కనుగొన్న ఆర్డెమ్ పటాపూటియన్‌తో కలిపి ఆయనకు 2021లో నోబెల్ బహుమతి ఇచ్చారు. ఆ గ్రాహకం సుమారు 43 డిగ్రీల సెల్సియస్ దాటిన వేడికి మేల్కొంటుంది, మిరపకాయలోని ఘాటుకు కూడా అదే మేల్కొంటుంది. ఇది చదివినప్పుడు నాకు ఆ ఏడాది పండుమిరపకాయ పచ్చడి పెట్టిన రోజు గుర్తుకు వచ్చింది. తొడిమలు తీసి దంచిన తరువాత చేతులు రెండూ భగభగమంటున్నా, ఎడమ చేతి చివరి రెండు వేళ్ళు మాత్రం చల్లగా ఉన్నాయి. అప్పుడు నాకు సంతోషం కలగలేదు, ఆ రెండు వేళ్ళు నావి కావనిపించింది. నొప్పి లేని అవయవంతో బతకడంలో పుండ్ల కంటే నన్ను ఎక్కువగా కలవరపెట్టింది ఈ భావనే. తెలియకుండానే వాటిని పక్కన పెట్టేస్తాం. గిన్నె పట్టుకునేటప్పుడు మూడు వేళ్ళే వాడతాం, మిగిలిన రెండు ఎటు ఉన్నా పట్టించుకోం. మన శరీరం మనదే అన్న ఎరుక నొప్పి మీద ఇంతగా ఆధారపడి ఉంటుందని అంతకు ముందు ఎవరైనా చెబితే నమ్మేదాన్ని కాదు.

మందుల కోర్సు మధ్యలో, వానాకాలంలో, ఎడమ మోచేయి వెనుక నరం ఉన్నట్టుండి వాచింది. ముంజేతి మీద మచ్చ ఎర్రబడి ఉబ్బింది. మోచేతి నుంచి భుజం దాకా రాత్రంతా పోటు. అదే సమయంలో వేళ్ళను గిల్లితే తెలియదు. ఒకే చేతిలో ఒకచోట భరించలేని నొప్పి, జానెడు దూరంలో ఏమీ లేకపోవడం అనే ఈ స్థితి మనిషిని చాలా గందరగోళపెడుతుంది. మందు పడలేదు, ఆపేయమని బంధువులు చెప్పారు. ఇలా ఆపేసేవారు చాలామంది ఉంటారని తరువాత తెలిసింది. కానీ ఇది మందు చేసిన చెడుపు కాదు. నరంలోనూ చర్మంలోనూ ఉన్న క్రిముల మీద, చచ్చిన క్రిముల మీద కూడా, శరీరపు రోగనిరోధక శక్తి ఒక్కసారిగా విరుచుకుపడడం వల్ల వచ్చే వాపు. వైద్యులు దీనిని రియాక్షన్ అంటారు. ఇది వచ్చినప్పుడు అసలు మందులు ఆపకూడదు, అదనంగా వాపు తగ్గించే చికిత్స వెంటనే మొదలుపెట్టాలి, ఎందుకంటే వాచిన నరం బిగుతైన దారిలో నలిగి కొన్ని రోజుల్లోనే పూర్తిగా పాడైపోవచ్చు.

డాక్టరమ్మ నన్ను ఆ రోజే జిల్లా ఆసుపత్రికి పంపారు. అక్కడి డాక్టరు గారు అన్న మాట నాకు అక్షరాలా గుర్తుంది. "ఈ నొప్పి రావడం మంచిదేనమ్మా, మీరు త్వరగా వచ్చారు." నరం దెబ్బతిని ఆరు నెలలు దాటకపోతే స్పర్శ తిరిగి వచ్చే అవకాశం బాగా ఉంటుందని వివరించారు. ఉంగరపు వేలు మొద్దుబారడం ఇటీవలిదే, చిటికెన వేలు అంతకు చాలా ముందే పోయింది. వాపు తగ్గించే ప్రెడ్నిసొలోన్ అనే మందును రోజుకు 40 మి.గ్రా. తో మొదలుపెట్టి, రెండేసి వారాలకు 30, 20, 15, 10, 5 కు తగ్గిస్తూ పన్నెండు వారాలు ఇచ్చారు. ఈ మందును మధ్యలో చటుక్కున ఆపకూడదు. ముఖం ఉబ్బింది, ఆకలి పెరిగింది, రక్తంలో చక్కెర చూపించుకుంటూ ఉండవలసి వచ్చింది. మోచేతిని కదలనీయకుండా కొంతకాలం కట్టు కట్టారు.

రెండు వారాలకోసారి ఫిజియోథెరపిస్టు పరీక్ష చేసేవారు. వేర్వేరు మందాలున్న నైలాన్ పోగులు వారి వద్ద ఉంటాయి, ఒక్కొక్కటి ఇంత బరువుకు వంగుతుందని లెక్క. చేతికి రెండు గ్రాముల పోగు, అరికాలికి పది గ్రాముల పోగు తెలిస్తే రక్షణకు కావలసిన స్పర్శ ఉన్నట్టు. నేను కళ్ళు మూసుకొని కూర్చొని, తగిలిందో లేదో తెలియని చోట తగిలిందని చెప్పాలన్న ఆశను అణచుకోవడం చాలా కష్టమైన పని. ఫిజియోథెరపిస్టు ఆ ఆశను కనిపెట్టి, తాకకుండానే "ఇప్పుడు?" అని అడిగేవారు.

ఉంగరపు వేలిలో నొప్పి తిరిగి వచ్చిన తీరు నేను ఊహించిన విధంగా లేదు. మొదట చీమలు పాకినట్టు తిమ్మిరి, ఆ తరువాత అతిగా తెలియడం మొదలయింది. చన్నీళ్ళు పడితే కరెంటు తగిలినట్టు జిల్లుమనేది, చీర కొంగు ఒరుసుకున్నా భరించలేకపోయేదాన్ని. ఇది కూడా ఒక దశ అని చెప్పి, మెత్తని గుడ్డతో మొదలుపెట్టి క్రమంగా గరుకు గుడ్డతో వేలిని రుద్దే అభ్యాసం నేర్పారు. నెలలు గడిచాక ఒక రోజు అల్లుతుండగా సూది మొన ఆ వేలికి గుచ్చుకుంది. గుచ్చుకున్నది ఎక్కడో చూడకుండానే తెలిసింది, చేయి తనంతట తాను వెనక్కి వెళ్ళింది. నేను మా వారిని పిలిచి చెప్పాను. అంత సంతోషం నాకు జీవితంలో కొద్దిసార్లే కలిగింది. చిటికెన వేలు మాత్రం ఏ పరీక్షలోనూ పలకలేదు. అరికాలిలో సగం స్పర్శ నిలిచింది.

తమిళనాడులోని కొల్లి కొండల్లో 1914లో పుట్టి, తరువాత వెల్లూరు క్రైస్తవ వైద్య కళాశాలలో శస్త్రవైద్యుడిగా పనిచేసిన పాల్ బ్రాండ్ గురించి ఆసుపత్రిలోనే మొదట విన్నాను. కుష్ఠు వల్ల వేళ్ళు వాటంతటవే కుళ్ళి రాలిపోతాయని లోకం నమ్ముతున్న రోజుల్లో, వేళ్ళు పోవడానికి అసలు కారణం నొప్పి తెలియక తగిలించుకునే గాయాలేనని ఆయన చూపించారు. కొందరు రోగుల వేళ్ళు రాత్రికి రాత్రి తగ్గిపోవడానికి కారణం ఎలుకలని తేలింది. నిద్రలో కొరుకుతుంటే వారికి మెలకువ రాలేదు. వారికి పిల్లులను పెంచుకోమని ఇచ్చారట. వరి కోతల తరువాత ఎలుకలు ఇళ్ళలోకి చేరే మా డెల్టాలో ఈ సంగతి ఎంత నిజమో నాకు వేరే చెప్పనక్కరలేదు. నేను అన్ని కాలాల్లోనూ దోమతెర అంచులు పరుపు కిందకు దోపుకొనే పడుకుంటాను. ఆయనే అమెరికాలో ఉన్నప్పుడు చేతి తొడుగుల్లో ఒత్తిడిని పసిగట్టే పరికరాలు పెట్టి కృత్రిమంగా నొప్పిని తయారు చేయాలని ఏళ్ళపాటు ప్రయత్నించారు. హెచ్చరిక మోగినా, చివరకు విద్యుత్తు తగిలినా, చేస్తున్న పని ముగించాలనుకున్న మనిషి దానిని ఆపేసి పని కొనసాగించేవాడు. అసలైన నొప్పికి మీట మన చేతిలో ఉండదు. దాని బలం అక్కడే ఉందని నాకనిపిస్తుంది.

ఆ మీట లేని హెచ్చరిక చేయవలసిన పనిని నేను ఇప్పుడు కళ్ళతో చేస్తున్నాను. ప్రతి రాత్రి చేతిని, కాలిని నీళ్ళలో ఇరవై నిమిషాలు నానబెట్టి, తడి పూర్తిగా తుడవకుండానే కొబ్బరినూనె రాస్తాను, ఎండిపోయిన చర్మం పగిలితే నాకు తెలియదు కనుక. అరికాలిని అద్దంలో చూసుకుంటాను. ఎర్రబడిన చోటు, వేడిగా ఉన్న చోటు కనబడితే మరునాడు ఆ చేతికి, ఆ కాలికి విశ్రాంతి. నీళ్ళ వేడి కుడి చేత్తోనే చూస్తాను. వంటింట్లో పట్టకారు, మందమైన బట్ట తొడుగు లేనిదే గిన్నె ముట్టను. మేకులు లేని మైక్రో సెల్యులర్ రబ్బరు చెప్పులు ఆసుపత్రిలో ఉచితంగా ఇస్తారు, అవి లేకుండా పెరట్లోకి కూడా దిగను. కొబ్బరి ఈనె గుచ్చుకొని రోజంతా కాలిలోనే ఉండిపోయిన అనుభవం ఒకటి చాలు. అంతర్వేదిలో భీష్మ ఏకాదశి ఉత్సవాలకు ఇప్పటికీ వెళ్తాను, ఎండకు నేల కాలక ముందే, తెల్లవారుజామున దర్శనం చేసుకొని వచ్చేస్తాను. అల్లికలో దారాన్ని ఉంగరపు వేలికి చుట్టడం నేర్చుకున్నాను. మొదట్లో పని సగం వేగంతో సాగింది, ఇప్పుడు మునుపటికి దగ్గరగా వచ్చింది.

ఏటా జనవరి 30న, గాంధీ గారి వర్ధంతి నాడు, గ్రామసభలో కుష్ఠుపై ప్రతిజ్ఞ చదువుతారు. మా అల్లిక ఆడవాళ్ళు గుమిగూడే అరుగుల మీద నేను ఏడాది పొడవునా చెప్పే మాట ఒకటే, చిటికెన వేలికి దారం తెలుస్తోందో లేదో కళ్ళు మూసుకొని చూసుకోమని. మన పనిలో ఆ వేలు అందరికంటే ముందు మనకే చెబుతుంది.

చిటికెన వేలు ఇప్పుడు కొద్దిగా లోపలికి ముడుచుకుపోయింది. పనిచేస్తున్న మరో కండరపు స్నాయువును, అంటే కండరాన్ని ఎముకకు కలిపే తాడు లాంటి దానిని, మళ్ళించి ఇలాంటి వేలిని నిటారు చేసే శస్త్రచికిత్సకు ఆనాడు వెల్లూరులో బాట వేసింది పాల్ బ్రాండే. మందులు పూర్తయి, రియాక్షన్ తిరగబెట్టకుండా కొంతకాలం గడిచింది కనుక ఇప్పుడు చేయవచ్చని డాక్టరు గారు చెప్పారు. కదలిక వస్తుంది కానీ నొప్పి రాదని కూడా స్పష్టంగా చెప్పారు. సరిగ్గా అందువల్లనే తొందరపడలేదు. కదలడం మొదలుపెట్టిన వేలు మళ్ళీ గిన్నెల దగ్గరకు, దారం దగ్గరకు వెళ్తుంది, దానిని చూసుకునే అలవాటు నాలో ముందుగా పూర్తిగా స్థిరపడాలి. దాళ్వా (రెండో పంట వరి) కోతలు అయ్యాక చేయించుకోవాలని మా వారూ నేనూ నిర్ణయించుకున్నాం. శస్త్రచికిత్సకు ముందు చేయవలసిన వ్యాయామాలను ఫిజియోథెరపిస్టు గారు ఈ నెలలోనే మొదలుపెట్టించారు.